గీజరు పెట్టారు సరే, గొట్టం ఏదీ?

(హిజ్లీలో మన సంఘం వార్షిక సమావేశంలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది ఇంటర్. మాట్లాడమంటే ఎప్పుడూ వెనక వరుసలోకి జారుకునేవాణ్ణి. ఈసారి నేనే అడిగి మైకు తీసుకున్నాను. కారణం మా ఇంటి బాత్‌రూము.

2023 జనవరిలో ఒక ఉదయం మా ఇంటావిడ తలంటుకోవడానికి వెళ్ళింది. ఇరవై నిమిషాలైంది. నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది, మనిషి పలకడం లేదు. గడియ విరగ్గొట్టి చూస్తే నేల మీద పడి ఉంది. ఎత్తుకుని వరండాలోకి తెచ్చాను. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, బతికింది. తర్వాత నెల రోజులు తలనొప్పి, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం.

గీజరు బిగించిన కుర్రాడు పొగగొట్టం పెట్టలేదు, నిజమే. కానీ "దానికి గోడ కొట్టాలి సార్, ఎందుకులెండి" అంటే సరేనన్నది నేను. దోమలొస్తున్నాయని వెంటిలేటర్‌కి థర్మకోల్ అడ్డం పెట్టిందీ నేనే. మద్రాస్ సాపర్స్‌లో 28 ఏళ్ళు చేసినవాణ్ణి. లేహ్‌లో కిరసనాయిలు బుఖారీ గొట్టం మూతికి మంచు కప్పేస్తే కర్ర పట్టుకుని పైకెక్కి దులిపినవాణ్ణి. మా యూనిట్‌లో పడుకునే ముందు బుఖారీ ఆర్పకపోతే జవాన్లను నిలబెట్టి కడిగేసేవాణ్ణి. ఆ జాగ్రత్తంతా అక్కడే డిపాజిట్ చేసి వచ్చానేమో! హిజ్లీ చలి ఒక చలేనా అనుకున్నాను.

మంట పూర్తిగా మండకపోతే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. సిలిండరు లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఎందుకంటే వాసన వేసే మందు కలుపుతారు. దీనికి ఆ కాపలా లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. నిమిషానికి 6 లీటర్ల గీజరు గంటకు దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. కిలో గ్యాస్ సరిగా మండాలంటే సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. మా బాత్‌రూము మొత్తం 8 ఘనమీటర్లు. పావుగంటలో అందులో మూడో వంతు పైగా గాలిని మంటే తినేసింది. గాలి తగ్గేకొద్దీ మంట పచ్చబడుతుంది, మసి పడుతుంది, విషం పెరుగుతుంది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చాడు. ఆ పాత రైల్వే క్వార్టర్లు చూశారుగా, ఎత్తు కప్పు, పైన వెంటిలేటర్లు. మా నాయనమ్మ బొగ్గుల కుంపటి బయట రాజేసి, పొగ పోయాక లోపలికి తెచ్చేది. పొగ పోయినా నిప్పులున్నంతసేపూ విషం పోదు. ఆ ఎత్తు కప్పు వల్ల గట్టెక్కాం. ఇప్పటి ఫ్లాట్లలో ఆ దయ లేదు.

అంతెందుకు, 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌కు కేరళ నుంచి విహారానికి వెళ్ళినవారిలో 8 మంది, వారిలో నలుగురు పిల్లలు, ఒకే గదిలో గ్యాస్ హీటర్ వెలిగించి తలుపులు కిటికీలు బిగించి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు.

మరి గ్యాస్‌తో వెచ్చదనం వద్దా అంటే, వద్దనను. మా మేనల్లుడు కెనడాలో లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. ఫోన్‌లో చూపించాడు. కప్పు కింద ముప్పై నలభై అడుగుల ఇనుప గొట్టం, ఒక చివర బర్నరు, పైన మెరిసే రేకు. మంట గొట్టం లోపలే. వేడి కిందికి దిగుతుంది, కాలిన గాలిని రెండో చివర ఫ్యాను లాగి గోడ బయటికి తోస్తుంది. ఫ్యాను లాగుతోంది కాబట్టి గొట్టానికి చిల్లి పడినా షెడ్డు గాలే లోపలికి పోతుంది. ఫ్యాను ఆగితే గ్యాస్ దానంతటదే మూసుకుంటుంది. అంత పెద్ద షెడ్డుకే అన్ని కట్టుబాట్లు, మన అయిదడుగుల బాత్‌రూముకు ఏమీ అక్కర్లేదా?

ఇప్పుడు మా గీజరు బయట బాల్కనీలో ఉంది, వేడినీళ్ళు పైపులో లోపలికి వస్తాయి. అదే అన్నిటికంటే మేలు. కొన్ని చిన్న గీజర్లకు గొట్టం తగిలించే చోటే ఉండదు, అవి గాలాడే బయటి చోటుకే. గొట్టం ఉన్నవాటికి ముందు నిట్టనిలువుగా పైకి తీసి, వీలైనంత తక్కువ వంపులతో గోడ దాటించాలి.  మూతి దగ్గర పక్కింటివాళ్ళ కిటికీ ఉందేమో చూడండి, వాళ్ళూ మనుషులే. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిగా అని ధీమా పడకండి. తలుపు మూసి ఫ్యాను వేస్తే అది గొట్టంలోని గాలినే లోపలికి గుంజవచ్చు.

పొరపాటున ఎవరైనా పడిపోతే ముందు బయటి గాలికి లాగండి, గీజరు ఆపండి, డాక్టరుకు గ్యాస్ గీజరు అని నోరు తెరిచి చెప్పండి. కరోనా నాడు కొన్న వేలి మీటరు చూసి 98 ఉందని ఇంట్లో కూర్చోకండి. ఈ విషాన్నీ అది ఆక్సిజన్ అనే లెక్కపెడుతుంది.

వచ్చే ఆదివారం నుంచి పిలిచిన ప్రతి ఇంటికీ వస్తాను. గీజరు వెలిగించి గొట్టం మొదట్లో అగరుబత్తి పట్టి చూద్దాం. పొగ లోపలికి లాగబడితే సరే, మన మొహం మీదికి వస్తే ఆ రోజు నుంచే బంద్. అగరుబత్తులు నేను తెస్తాను, నిచ్చెన మాత్రం మీరు చూసుకోవాలి. జై హింద్.