డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాల్లో స్త్రీలు: నియామకం దగ్గరే మొదలయ్యే వివక్ష

(స్త్రీల ఉపాధి సమస్యలపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



స్త్రీల హక్కుల సమావేశంలో మార్కెటింగ్ ఉద్యోగాల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. బీడీ కార్మికుల గురించీ, ఇళ్ళలో పనిచేసే స్త్రీల గురించీ మనం ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. కానీ ఇవాళ మన శిక్షణా కార్యక్రమాల్లో కుట్టుపని పక్కన డిజిటల్ మార్కెటింగ్ కూడా చేరింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదా అదే పేరు. డిగ్రీ ఏదైనా ఫరవాలేదు, ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, ఆడపిల్లలకు అనువైన పని - ఇదీ ప్రచారం. 'అనువైన పని' అన్నమాట వినబడినప్పుడల్లా అది ఎవరికి అనువు అని అడగడం మన బాధ్యత.

ఈ రంగంలో పని ఒకటి కాదు. కంపెనీ పేరుతో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాముల్లో పోస్టులు రాయడం, కామెంట్లకు జవాబివ్వడం ఒక రకం. ప్రకటనల మీద ఎంత డబ్బు పెట్టాలి, అది ఎవరికి చూపించాలి, పెట్టిన ప్రతి రూపాయికీ ఎంత అమ్మకం వచ్చింది అని లెక్కగట్టడం మరో రకం. మొదటిది ఓపికతో, మాటనేర్పుతో చేసే పనిగా చెలామణి అవుతుంది కనుక ఆడవాళ్ళకు సహజమంటారు. రెండోది డబ్బుతో, అంకెలతో చేసే పని. జీతం పెరిగేదీ, మేనేజరు కుర్చీకి దారితీసేదీ ఎక్కువగా ఈ రెండోదే. ఇంట్లో వంట ఆడవాళ్ళదీ, ఖర్చు లెక్క మగవాళ్ళదీ అయినట్టే ఇక్కడా శ్రమ విభజన జరిగిపోతుంది. 2022 చివరిలో చాట్‌జీపీటీ వచ్చాక యంత్రం రాసిపెట్టడం మొదలుపెట్టినదీ ఆ మొదటి రకం పనినే. అంటే ఆడపిల్లల్ని ఎక్కడ కూర్చోబెడుతున్నారో అక్కడి నేలే ముందు కదులుతోంది.

ఈ వివక్ష ఇంటర్వ్యూకి ముందే మొదలవుతుంది. 2018లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక విషయం బయటపెట్టింది. అమెజాన్ కంపెనీ దరఖాస్తులను వడగట్టడానికి ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది. పదేళ్ళలో తమకు వచ్చిన దరఖాస్తులతో దానికి తర్ఫీదునిచ్చింది. ఆ దరఖాస్తులు ఎక్కువగా మగవాళ్ళవి. దాంతో దరఖాస్తులో మహిళల క్లబ్బు వంటి మాట ఉంటే చాలు, యంత్రం దాని విలువ తగ్గించింది. కంపెనీ చివరికి ఆ ప్రయత్నాన్నే వదులుకుంది. 2019లో అమెరికాలో పౌరహక్కుల సంఘాలతో కుదిరిన ఒప్పందంలో, ఉద్యోగ ప్రకటనలను వయసు, స్త్రీపురుష భేదం, నివాసప్రాంతం ఆధారంగా కొందరికే చూపించే వీలు తొలగిస్తామని ఫేస్‌బుక్ ఒప్పుకుంది. కనబడని ప్రకటనకు ఎవరూ దరఖాస్తు చేయలేరు. తనను తిరస్కరించారన్న సంగతి కూడా ఆ స్త్రీకి తెలియదు. ప్రకటన ఎవరికి కనబడాలో ఎంచే మీట నొక్కేది డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగులే. ఆ కుర్చీలో స్త్రీలు ఉండాలనడానికి ఇది మరో కారణం.

ఇంటర్వ్యూ దాకా వెళ్తే పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు, రాత్రిపూట క్లయింటు ఫోన్ చేస్తే మీ ఇంట్లో ఒప్పుకుంటారా అనే ప్రశ్నలు. ఇవి మగపిల్లల్ని అడగరు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ - మూడు నెలలని మొదలై ఆరు నెలలదాకా సాగే ఉచిత చాకిరీ. "పని నేర్పుతున్నాం కదా" అంటారు. నేర్చుకుంటూనే ఆమె చేసిన పనికి క్లయింటు దగ్గర వసూలు చేసిన డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగ భవిష్యత్తు దానిమీదే ఉంది. ఈ రంగంలో రెండో ఉద్యోగం ఇచ్చేవాడు అడిగేది డిగ్రీ కాదు. ఎంత బడ్జెట్ నడిపావు, ఏం ఫలితం తెచ్చావు అని. గూగుల్ ప్రకటనల ఖాతాలో ఒక్కొక్కరికీ విడిగా ప్రవేశం ఇవ్వవచ్చు. ఎవరు ఏ మార్పు చేశారో అందులో తేదీతో సహా నమోదవుతుంది. కానీ చిన్న ఏజెన్సీల్లో ఒకే పాస్‌వర్డ్ అందరికీ ఇస్తే ఆమె శ్రమంతా యజమాని పేరున నమోదవుతుంది. ఇంటి చాకిరీ లెక్కకు రానట్టే ఇదీ లెక్కకు రాదు. కనుక సొంత పేరుతో ప్రవేశం అడగడం, క్లయింటు రహస్యాలు బయటపెట్టకుండా తన పని ఫలితాలను నెలనెలా రాసిపెట్టుకోవడం మన అమ్మాయిలకు నేర్పాలి. వేలకు వేలు ఫీజు కట్టేముందు గూగుల్ తన ప్రకటనల పరీక్షకు రుసుము తీసుకోదన్న సంగతీ, ఆ సర్టిఫికెట్ ఏడాదిపాటే చెల్లుతుందన్న సంగతీ చెప్పాలి.

చట్టం ఏమంటుంది? నియామకంలో స్త్రీలపట్ల వివక్ష చూపరాదని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2019 వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ నిషేధం అందులోనూ ఉంది. అదేరోజు అమల్లోకి వచ్చిన వృత్తిభద్రత కోడ్ ప్రకారం పదిమంది, అంతకు పైగా పనిచేసే సంస్థ నియామకపత్రం ఇచ్చితీరాలి. లైంగిక వేధింపులపై 2013 చట్టం జీతంలేని శిక్షణార్థులకూ వర్తిస్తుంది. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. పనిచేసేచోట బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని ఆ చట్టం అంటోంది. కంపెనీ పేజీ మీద బూతు కామెంట్లు, అసభ్య చిత్రాలు రోజంతా చదివి తుడిచే అమ్మాయికి ఆ పేజీయే పనిచేసేచోటు అని మనం వాదించాలి. 26 వారాల ప్రసూతి సెలవు హక్కు ఉన్నా 'ఫ్రీలాన్సర్' అని పేరు మార్చగానే అది అందకుండాపోతోంది. చిన్న ఏజెన్సీలూ, ఫ్రీలాన్సు ఒప్పందాలూ నిండిన ఈ రంగంలో అసలు పోరాటం అక్కడే ఉంది.

చివరిగా మన సంస్థలకు ఒక మాట. దాతలకు పంపే నివేదికల్లో 'ఇంతమందికి ఉద్యోగాలు ఇప్పించాం' అని రాసి తృప్తిపడుతున్నాం. ఎంతమందికి నియామకపత్రం ఉంది, ఎంతమంది జీతం లేకుండా పనిచేస్తున్నారు, రెండేళ్ళ తర్వాత ఎంతమంది బడ్జెట్ చూసే పనికి చేరారు, పెళ్ళయ్యాక ఎంతమంది మిగిలారు - ఈ నాలుగు ప్రశ్నలూ మన రిజిస్టర్లలో చేరాలి. ఉచిత ఇంటర్న్‌షిప్ అడిగే ఏజెన్సీకి మన అమ్మాయిల్ని పంపేది లేదని కలిసి నిర్ణయించుకుంటే అదే మొదటి అడుగు. ఒక్కొక్క అమ్మాయీ ఒంటరిగా వెళ్ళి బేరమాడలేదు. ఆమె తరఫున మనం కలిసి ఆడగలం.