ఈఎఫ్ అంకె ఒక్కటే చాలదు

హార్ట్ ఫెయిల్యూర్ రోగి ముందుముందు ఎలా ఉంటాడన్నది ఎకోలో చాలావరకు కనిపిస్తుంది. కనిపించినదంతా మనం రిపోర్టులోకి ఎక్కించడం లేదన్నదే నా బాధ.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్ముట్ హెర్ట్స్ అనే భౌతికశాస్త్రవేత్త కదులుతున్న గుండె ప్రతిధ్వనిని మొదటిసారి నమోదు చేశారు. లోహాల్లో పగుళ్లు వెతికే పరికరమే వాళ్ల యంత్రం. ఎడ్లర్‌కు అప్పుడు కావలసింది మైట్రల్ కవాటం సంగతి. రోగి భవిష్యత్తును ఎకోలో చదవడం ఆ తర్వాతి తరాలు నేర్చుకున్న విద్య.

ఇవాళ రోగి వెంట వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "పంపింగ్ ఎంతుంది డాక్టరుగారూ?" అనే. అడగడం సబబే. చార్మ్ అనే హార్ట్ ఫెయిల్యూర్ అధ్యయనాల రోగుల్లో ఈ పంపింగ్ అంకె, అంటే ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్), 45 శాతం కంటే దిగజారాక, ప్రతి 10 పాయింట్ల తగ్గుదలకూ మరణం ముప్పు 39 శాతం చొప్పున పెరిగింది. 45 దాటినవాళ్లలో మాత్రం ఈఎఫ్ ఎంతున్నా ఆ ముప్పులో పెద్ద తేడా కనిపించలేదు. ఆయాసంతో వచ్చి, ఈఎఫ్ 55 ఉన్న రోగికి ఏం చెప్పాలి? "పంపింగ్ బాగుంది" అని పంపేస్తే ఆయన రోగం అలాగే ఉండిపోతుంది.

ఈఎఫ్ అంటే గుండె బయటికి నెట్టిన రక్తం మొత్తం కాదు, జఠరికలో నిండినదాంట్లో నెట్టిన శాతం. 100 మిల్లీలీటర్లు నిండి 60 శాతం నెట్టినా, సాగిపోయిన గుండెలో 200 నిండి 30 శాతం నెట్టినా, బయటికి పోయేది 60 మిల్లీలీటర్లే. మైట్రల్ కవాటం కారుతుంటే వెనక్కి పోయిన రక్తం కూడా ఆ శాతంలో కలిసిపోయి, బలహీనమైన గుండెను బాగున్నట్టు చూపిస్తుంది. పైగా ఒకే రోగిని ఇద్దరు చూస్తే అయిదారు పాయింట్ల తేడా మామూలే.

కాబట్టి ప్రోబును మరికాస్సేపు ఛాతీమీదే ఉంచండి. మైట్రల్ ప్రవాహంలో 'ఈ' (E) అనే తరంగం నిటారుగా లేచి 150 మిల్లీసెకన్ల లోపే పడిపోతుంటే ఎడమ కర్ణికలో ఒత్తిడి బాగా పెరిగినట్టు. మందులు సరిగ్గా వాడాక కూడా ఆ తీరు మారని రోగి గురించి నేను ఎక్కువ భయపడతాను. మారినవాళ్ల గతి మెరుగ్గా ఉంటుందని అధ్యయనాలూ చూపించాయి.

మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది గుండె కుడివైపును. ట్రైకస్పిడ్ కవాటపు అంచుమీద ఎం-మోడ్ గీత పెట్టి, గుండె ముడుచుకున్నప్పుడు ఆ అంచు ఎంత దూరం కదిలిందో కొలవడానికి నిమిషం కూడా పట్టదు. అదే టాప్సీ. 17 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే కుడి జఠరిక అలిసిపోయిందని అర్థం. తర్వాత రొమ్ము ఎముక కింద ప్రోబు పెట్టి, ముక్కుతో గట్టిగా ఒక్కసారి గాలి పీల్చమనండి. 21 మిల్లీమీటర్లు దాటి ఉబ్బిన ఐవీసీ (గుండెకు చేరే కింది పెద్ద సిర) అప్పుడు సగమైనా ముడుచుకోకపోతే ఆ రోగి ఒంట్లో నీరు ఇంకా తగ్గలేదు. డిశ్చార్జి చేసేముందు ఇది చూడకపోవడం నా దృష్టిలో తప్పే.

ఇన్ని చూడమనడం ఎందుకంటే, తిరువనంతపురం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 2013లో చేరిన 1,205 మందిలో మూడేళ్లలో దాదాపు 45 శాతం మంది చనిపోయారు. వాళ్ల సగటు వయసు 61. ఇంటిని ఇంకా నడిపించే వయసది.

ఈఎఫ్ కోలుకున్నా నిశ్చింత లేదు. లండన్‌లో జరిగిన ట్రెడ్-హెచ్ఎఫ్ పరీక్షలో, డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె సాగి బలహీనపడే జబ్బు) నుంచి కోలుకున్నవాళ్లకు క్రమంగా మందులు ఆపితే, ఆరు నెలల్లో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. "పంపింగ్ నార్మల్‌కి వచ్చింది" అన్న మాట విని మాత్రలు మానేసే రోగులు మనకు తెలియనివాళ్లు కారు.

అందుకే ఈ సభను కోరుతున్నాను. ప్రతి హార్ట్ ఫెయిల్యూర్ రిపోర్టులో ఈఎఫ్‌తోపాటు ఎడమ కర్ణిక పరిమాణం, గుండెలోని ఒత్తిళ్లు, టాప్సీ, ఐవీసీ రాయండి. పాత ఎకో తెప్పించుకుని, దాంతో పోలిస్తే ఏం మారిందో ఒక్క వాక్యం చేర్చండి. రోగికి ఆ మార్పును తెలుగులో చెప్పి, తనంతట తాను మందులు ఆపవద్దని ఎకో గదిలోనే చెప్పి పంపండి.