ఎండయు, అరికాలి నల్లమచ్చయు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

ఎండకును, మెలనోమా అను చర్మపు కాన్సరునకును గల సంబంధమును గూర్చి నేడు మీకు విన్నవింప దలచితిమి. చర్మమునకు రంగునిచ్చు కణములు అదుపు తప్పి పెరుగుటయే ఈ వ్యాధి. ముదిరిన ప్రాణాంతకము, తొలిదశలో కనుగొన్నచో శస్త్రచికిత్సతో చాలవరకు నయమగును.

ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములను చెరచును. తెల్లని మేనిఛాయ గలవారికి ఈ ప్రమాదము హెచ్చు. అట్టివారు అధికముగా నివసించు ఆస్ట్రేలియాలో ఈ వ్యాధి మిక్కుటము. "చొక్కా తొడుగుడు, లేపనము పూయుడు, టోపీ పెట్టుడు" అని 1981లో అచ్చట ప్రచారము మొదలిడిరి. ఆ దేశమందలి నాంబూర్ పట్టణమున 1992 మొదలు 1996 వరకు 1,621 మందితో ఒక పరిశోధన జరిగినది. అందు సగముమంది ప్రతిదినము సన్‌స్క్రీన్ లేపనము పూసికొనిరి. తక్కినవారు తమకు తోచినట్లు మెలగిరి. పిమ్మట పదేండ్లు గమనింపగా మొదటివారిలో 11, రెండవవారిలో 22 మెలనోమాలు బయల్పడెను. ఎండకును ఈ వ్యాధికిని గల సంబంధమునకు ఇది మంచి నిదర్శనము.

మరి మన సంగతి యేమి? మన చర్మమందలి నల్లని వర్ణద్రవ్యము ఈ కిరణములను చాలవరకు అడ్డగించును. కావున మన దేశమున ఈ వ్యాధి అరుదు. అరుదన్నంతమాత్రమున లేదని కాదు. మనవారికి ఇది తరచు ఎండ సోకని తావులనే, అనగా అరికాలియందు, అరచేతియందు, గోటిక్రింద పుట్టును. దీనికి ఎండ కారణము కాదు. జమైకా దేశపు ప్రఖ్యాత గాయకుడు బాబ్ మార్లే కాలివ్రేలి గోటిక్రింద పుట్టిన ఇట్టి వ్యాధి వలననే 1981లో, 36 ఏండ్ల ప్రాయమున మరణించెను.

ముల్లు గ్రుచ్చుకొన్నదనియో, చెప్పు కరచినదనియో, ఆనెకాయ యనియో రైతు కూలీలు ఇట్టి మచ్చను ఉపేక్షింతురు. కొందరు బ్లేడుతో కోసికొని పసరు పూయుదురు. ఇంతలో వ్యాధి గజ్జలలోని గ్రంథులకు, ఇతర అవయవములకు ప్రాకును. అరికాలిమచ్చ పెరుగుచున్నను, అంచులు వంకరలు తిరిగినను, రంగు మారినను, రక్తము కారినను, పుండు మానకున్నను, ఒక గోటియందలి నల్లచార వెడల్పగుచున్నను జాగు చేయరాదు. ముక్క తీసి పరీక్షించినగాని వ్యాధి నిర్ణయము కాదు.

సభ్యులారా! తలపాగా, నీడ, త్రాగునీరు వడదెబ్బ నుండి కాపాడును, వానిని విడువవలదు. వానితోబాటు, నెలకొకసారి అరికాళ్ళు కడిగి చూచుకొనుమని గ్రామసభలో చెప్పుడు. అనుమానము గలవారిని ఆశా కార్యకర్త తోడుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. అచ్చటినుండి పెద్ద ఆసుపత్రికి పోవలసివచ్చినచో దారి చూపుడు. ఖర్చులేని ఈ చూపు ఒక కుటుంబపు పెద్దదిక్కును నిలుపగలదు.