తొలి మడతచాకును ఎన్నుకొను విధము
(రైతుసోదరుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



ఎడ్లను కొనునపుడు మనము పండ్లు చూతుము, నడక చూతుము, సుడులు చూతుము. జేబులో నుంచుకొను మడతచాకును కొనునపుడు మాత్రము, సంతలో మెరయుచున్నదానిని చేతబట్టి, వెల యడిగి, ఇంటికి తెచ్చుకొందుము. ఎడ్లపై చూపు శ్రద్ధలో పదియవవంతు చాకుపై చూపినను చాలును. ఎదుగుచున్న కుమారునకు తొలిచాకు కొని యిచ్చువారి కిది మరింత యవసరము. ఏలయన, మొదటి చాకుతో పడిన అలవాటు చేతిని విడువదు. చాకు చెడ్డదైనచో వ్రేలికి గాయమగును; సరిగా వాడనిచో చెట్టునకు తెగులు సోకును.

ముందుగా చాకు నిర్మాణమును తెలిసికొనుడు. పాతకాలపు మడతచాకులో అలుగు ఒక చీలపై తిరుగును. పిడి వెన్నునందు ఉక్కుకమాను ఒకటి అలుగు మొదటిని నొక్కి పట్టియుండును. ఈ కమాను అలుగును ఆపునేగాని దానికి తాళము వేయదు. కావున ఇట్టి చాకుతో కోయవచ్చును, చెక్కవచ్చును; పొడువరాదు, పెకలింపరాదు. ఒకమారు నేను గోనెసంచి ముడిలో మొనను దూర్చి పెకలింపబోగా, అలుగు వెనుకకు మరలి మూతపడెను. చూపుడువ్రేలికి మూడు కుట్లు పడినవి. "ఆడలేక మద్దెల ఓడు" అను సామెత యున్నది గదా. ఆ దినమున మద్దెలలో లోపము లేదు, ఓటితనము నాదే.

అలుగు మూతపడకుండ కట్టుదిట్టము గల చాకులును కలవు. ఫ్రాన్సుదేశపు సవాయి ప్రాంతమున జోసఫ్ ఒపినెల్ 1890లో కఱ్ఱపిడి గల చవుక చాకును రూపొందించెను. అది రైతులకును పనివారికిని ప్రియమైనది. 1955లో దానికి త్రిప్పుడు కంకణమును చేర్చిరి. కంకణమును త్రిప్పినచో తెరచిన అలుగు కదలదు. బాలుర చేతి కిచ్చు తొలిచాకున కిట్టి యేర్పాటున్న మేలు.

ఇక అంగడిలో చేయదగిన పరీక్షలు.

మొదటిది: చాకును తెరచి, అలుగును వ్రేళ్లతో పట్టి అటునిటు కదపుడు. చీలయొద్ద వదులున్నచో విడువుడు. క్రొత్తదానియందే యున్న వదులు వాడిన కొలది హెచ్చునేగాని తగ్గదు.

రెండవది: చాకును మూసి పైనుండి చూడుడు. అలుగు నట్టనడుమ నుండవలెను, ప్రక్కరేకును ఒరయరాదు. మొన పిడిలో పూర్తిగా మునిగియుండవలెను. మొన బయటికి పొడుచుకొనియున్న చాకు జేబును, తరువాత తొడను చీల్చును.

మూడవది: తెరచిన చాకును వెలుతురున కెత్తి, కమానుకును అలుగుమొదటికిని నడుమ చూడుడు. సందులోనుండి వెలుగు కనబడినచో కూర్పు సరిగా లేదని తెలియుడు.

నాల్గవది: తెరచుటకు గోరు విరుగునంత బిగువును, మూయుటకు తనంతట జారిపడునంత వదులును రెండును దోషములే.

పరిమాణమునకు అలుగు మూడంగుళములుండిన చాలును. పిడి నాలుగు వ్రేళ్లకును చోటీయవలెను. రెండు మూడు అలుగులు, సీసా మూతలు తీయు కొక్కెములు తొలిచాకున కక్కఱ లేదు.

ఉక్కు రెండు తెఱగులు. కర్బనపు ఉక్కు సానరాతిపై సులభముగా పదునెక్కును, కాని తుప్పుపట్టును. నిమ్మరసము, మామిడి సొన తగిలి నీలిబూడిద రంగు ఏర్పడిన భయపడవలదు. ఎఱ్ఱని మరక మాత్రమే అలుగును తినివేయును. తుప్పుపట్టని ఉక్కులో 100కి ఇంచుమించు 10.5 పాళ్లకు తక్కువ గాకుండ క్రోమియము కలిసియుండును. సముద్రతీరమువారికిని, తుడుచుట మఱచువారికిని ఇదియే తగినది. ప్రతిదినము తుడువగలవారు కర్బనపు ఉక్కును కొనవచ్చును.

పదునుపెట్టునపుడు అలుగునకును రాతికిని నడుమ 15 మొదలు 20 డిగ్రీల వాలు ఉండవలెను. అలుగు వెడల్పులో మూడవవంతుకు కొంచెము తక్కువ యెత్తు వెన్నును లేపినచో ఈ వాలు వచ్చును. మొండిచాకు మిక్కిలి ప్రమాదకరము. బలముగా నొక్కవలసివచ్చును, నొక్కిన జారును. కీలునకు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేయుడు. వంటనూనె జిగురుకట్టి కీలును పట్టివేయును.

ఇక చెట్లమాట. బత్తాయి, నిమ్మ తోటలు గలవారు ముఖ్యముగా వినుడు. గజ్జితెగులు సోకిన కొమ్మను కోసిన చాకుతోనే మంచి కొమ్మను కోసినచో తెగులును మనమే మోసికొనిపోయిన వారమగుదుము. ఎక్సోకార్టిస్ అను వైరాయిడు తెగులును చాకుమీదుగానే వ్యాపించును. రంగపూరు నిమ్మ మొదలుపై అంటిన చెట్లు దీనివలన బెరడు పగిలి గిడసబాఱును. అలుగును నిప్పున కాల్చుట దీనికి మందు కాదు. కాల్చినచో అలుగు పదును నిలుపుకొను గుణమును కోల్పోవును. బట్టలకు వాడు బ్లీచింగు ద్రవము 1 పాలు, నీరు 4 పాళ్లు అప్పటికప్పుడు కలిపి, చెట్టుచెట్టునకు నడుమ అలుగును ముంచుడు. పని ముగిసినపిమ్మట మంచినీట కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నూనె రాయుడు. లేనిచో ఆ ద్రవమే ఉక్కును తినివేయును.

అంటుకట్టుటకు వేఱొక చాకు నుంచుకొనుడు. త్రాళ్లు, సంచులు కోసిన అలుగు అంటునకు పనికిరాదు. కోత నున్నగా లేనిచో మొగ్గ అతుకదు.

తుదకు, చాకును కుమారునకు ఇచ్చు దినమున మూడు మాటలు చెప్పి యిండు: కోత నీనుండి యావలికి సాగవలెను; ఒకరికి అందించునపుడు చాకు మూసియుండవలెను; ఇంటికి వచ్చినపిమ్మట తుడువక జేబులో నుంచరాదు. ఈ మూడును పాటించువాని చేతిలో చాకు పదునుగా నుండును, వ్రేళ్లు పదియు నిలుచును, తోటయు పచ్చగా నుండును.