కాడి క్రింది విశ్రాంతి



శ్రమ యను మాటయు విశ్రాంతి యను మాటయు నొక్క ధాతువునుండియే పుట్టినవి. ‘శ్రమ్’ ధాతువునకు ‘వి’ యను నుపసర్గ చేరినంతనే యలసట పోయి సేదదీరుట యను నర్థము వచ్చినది. మత్తయి సువార్త 11వ అధ్యాయము చదివినపుడెల్ల నాకిది జ్ఞప్తికి వచ్చును. అచ్చట క్రీస్తు అలసినవారిని దనయొద్దకు బిలిచి విశ్రాంతి నిత్తునని చెప్పి, వెంటనే తన కాడిని మెడ నెత్తుకొమ్మనెను. విశ్రాంతి కోరి వచ్చినవానికి కాడి నిచ్చుట యేమి? సేద్యము నెఱిగిన మీకు నేను చెప్పనక్కఱలేదు. పొందిక లేని కాడి యెద్దుమెడను పుండుచేయును. నునుపుగా జెక్కిన కాడిక్రింద నా యెద్దే ప్రొద్దుగూకువఱకు దున్నును. పైగా కాడి రెండెద్దులది.

నాట్లకాలమున మా సంఘములోని రైతులు “అయ్యవారూ, ప్రార్థనకు తీరిక యెక్కడిది? తెల్లవారకమునుపే మడవకడ నుండవలె, సాయంకాలము కూలిలెక్కలు, రాత్రి తగవులు” అందురు. మాట నిజమే. ఉద్యోగము విడిచిన నాకు తీరిక కావలసినంత కలదు. చేతులు ఖాళీయైనంత మాత్రమున మనసు నిలుచునని మాత్రము చెప్పజాలను.

ఇట్టివారికి నేను లారెన్సు సోదరుని కథ చెప్పుచుందును. ఆయన 1614 ప్రాంతమున, ఇప్పటి ఫ్రాన్సు దేశములోని లొరేన్ సీమయందు బుట్టిన బీదవాడు. పేరు నికొలాస్ హెర్మన్. ముప్పదియేండ్ల యుద్ధమున సిపాయియై గాయపడెను. 1640 ప్రాంతమున పారిసు నగరమున కార్మెలు సన్యాసుల మఠమున జేరగా నాయనకు వంటశాల నప్పగించిరి. వంటపని యాయనకు సహజముగా నిష్టము లేనిది. అయినను సుమారు 15 సంవత్సరములు దానినే చేసెను. ఒకప్పుడు మఠమునకు ద్రాక్షారసము కొనితెచ్చుటకై పడవలో బోవలసివచ్చెను. కుంటివాడగుటచే పీపాలమీద దొర్లుచు పడవలో నటునిటు కదలెడివాడట! అట్టి పనిలోను కలతపడలేదు.

ఆయన పద్ధతి మిక్కిలి చిన్నది. పని మొదలిడునపుడు దేవునితో నొకమాట, నడుమ నొకమాట, ముగిసినపుడు కృతజ్ఞత. తప్పు జరిగెనా, ఒప్పుకొని క్షమ వేడి, దానినే తలచి కుములక మరల పనిలో దిగుట. పెనముమీద గ్రుడ్డట్టు త్రిప్పుటయు నాయనకు దైవప్రీతికొఱకే. ప్రార్థనకు వేఱుగా నియమించిన వేళకును, పదిమంది పదివిధముల కేకలువేయు వంటింటి వేళకును దనకు భేదము లేదని చెప్పెను.

సన్యాసికేమి, అప్పులా, ఆడపిల్లల పెండ్లిండ్లా యని మీరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే, ఆ భారము లాయనకు లేవు. కాని యా శాంతి యాయనకు నూరకనే రాలేదు. మఠమున జేరిన పిమ్మట మొదటి పదియేండ్లు మనసున మిక్కిలి బాధపడితినని తన లేఖలో వ్రాసెను. దేవుడు తన్ను విడిచెనని భయపడిన దినములును గలవు. ఆయన ప్రశాంతతకంటె నీ పదియేండ్లే నాకు ధైర్యమిచ్చును. ఆ పదియేండ్లును కూడ నాయన పొయ్యి రాజబెట్టుచునే యుండెను. వేళకు మఠమువారికి భోజనము పెట్టుచునే యుండెను.

కాలి బాధ హెచ్చిన పిదప నాయనను వంటశాలనుండి తప్పించి, కూర్చుండి చేయదగిన పని నిచ్చిరి. మఠమువారి చెప్పులు బాగుచేయుట. 1691లో మరణించెను. మరుసటి యేట నాయన లేఖలను గూర్చి యొక గురువు అచ్చువేయించెను.