నీడలో రెండు పంటలు

(ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తెలుగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తెల్లవారకముందే టీకొట్ల పొయ్యిలు వెలుగుతాయి. సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకోవడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన యువకుడూ, పాట్నా నుంచి వచ్చిన యువకుడూ ఒకే బల్ల దగ్గర నిలబడి టీ తాగుతారు. దేశవిభజన అనంతరం పశ్చిమ పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన కాందిశీకులకు నీడనిచ్చి, తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ పేరు ధరించిన ఈ పేట నేడు అన్ని రాష్ట్రాల విద్యార్థులకూ నీడనిస్తున్నది. మీ చేతిలోని టీ కూడా నీడలో పెరిగిన ఆకుతో కాచినదే కావచ్చు. ఆ నీడను గురించే ఈ ప్రసంగం.

ఈ పేటకు కొద్ది దూరంలోనే రెండు గొప్ప సంస్థలు ఇరుగుపొరుగున ఉన్నాయి. ఒకటి భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ. 1905లో బీహారులోని పూసాలో ఏర్పడి, 1934 నాటి భూకంపంలో భవనాలు దెబ్బతినగా, 1936లో ఢిల్లీకి తరలివచ్చింది. పాత ఊరిపేరును మాత్రం వదలలేదు. ఈ ప్రాంతం నేటికీ పూసాయే. రెండవది జాతీయ భౌతిక ప్రయోగశాల. 1950లో ప్రారంభమైన ఈ సంస్థకు తొలి సంచాలకుడు కె.ఎస్. కృష్ణన్. ఒక చోట మొక్కను, మరొక చోట వెలుగును, వేడిని శాస్త్రజ్ఞులు పరిశీలిస్తూ వచ్చారు. ఈ రెండు విద్యలూ ఒకే పొలంలో కలుసుకొంటే ఏమవుతుంది? నేల మీద పంట, దానిపైన సౌరవిద్యుత్తు. ఇదే ఇప్పుడు అనేక దేశాలు పరీక్షించి చూస్తున్న పద్ధతి.

ఈ ఆలోచన అంత కొత్తదేమీ కాదు. జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ గోయెట్జ్‌బెర్గర్ తన సహచరుడు ఆర్మిన్ జాస్ట్రోతో కలిసి 1980ల ఆరంభంలోనే దీనిని ప్రతిపాదించాడు. సౌరఫలకాలను నేలకు ఆనించక ఎత్తున నిలిపి, వరుసల మధ్య ఎడం పెంచితే, కింద బంగాళాదుంప పండించవచ్చునన్నాడు. సాధారణ పద్ధతిలో ఒక మెగావాట్ సౌరవిద్యుత్ కేంద్రానికి సుమారు 4 నుంచి 5 ఎకరాల భూమి కావాలి. అన్నం పెట్టే నేలనంతటినీ ఫలకాలకు అప్పగించలేని దేశాలకు ఈ సూచన విలువైనది.

అయితే నీడలో పంట పండుతుందా అన్న సందేహం సహజం. దీనికి సమాధానం తెలుగు రైతుకు ఎప్పుడో తెలుసు. అవిసె చెట్ల చల్లదనం లేనిదే మన తమలపాకు తోట నిలవదు. అరకు, పాడేరు కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పెంచుతూ, అవే చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. నీడ, కాఫీ, మిరియం: ఒకే నేలలో మూడు ప్రయోజనాలు. ఆ నీడలో పెరిగిన అరకు లోయ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తేయాకు స్వభావమూ ఇటువంటిదే. అది అడవి చెట్ల నీడలో పుట్టిన మొక్క. మిట్టమధ్యాహ్నపు ఎండనంతటినీ అది వినియోగించుకోలేదు. కొంత వెలుగు అందిన తరువాత, మరెంత ఎండ కాసినా ఆకులో ఆహారం తయారయ్యే వేగం పెరగదు. పైగా ఆకు ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ వేగం తగ్గిపోతుంది. అందుకే అస్సాం మైదానాల్లో తేయాకు పొదల మధ్య దిరిసెన జాతి చెట్లను, నీలగిరుల్లో సిల్వర్ ఓక్ చెట్లను పెంచుతారు.

జపానులో నీడ రుచికి కూడా సాధనమైంది. అక్కడి గ్యోకురో అనే మేలురకం తేయాకు తోటలకు, కోతకు సుమారు 20 రోజుల ముందు నుంచి కప్పు వేస్తారు. పూర్వం రెల్లుతడికెలు, వరిగడ్డి వాడేవారు. తరువాత నల్లని వలవస్త్రం వచ్చింది. ఎండ తగ్గినప్పుడు ఆకులో థియనైన్ అనే పదార్థం వగరు పదార్థాలుగా మారడం తగ్గుతుంది. అందువల్ల టీకి కమ్మదనం వస్తుంది. ఎలాగూ కప్పు వేయవలసిన తోటలో, ఆ కప్పులో కొంతభాగం విద్యుత్తును కూడా ఎందుకు ఇవ్వరాదు? అకిరా నగషిమా అనే ఇంజనీరు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ‘సూర్యకాంతిని పంచుకోవడం’ అన్న పద్ధతిని రూపొందించాడు. 2013లో ఆ దేశపు వ్యవసాయ శాఖ దీనికి అనుమతి ఇస్తూ ఒక నియమం పెట్టింది: ఫలకాల కింద దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గరాదు. షిజువోకా ప్రాంతంలో కొన్ని తేయాకు తోటలు ఇలా ఫలకాల నీడన పెరుగుతున్నాయి. ఆ నియమంలోని వివేకం గమనించదగినది. పేరుకు మాత్రమే వ్యవసాయం మిగిలి, పొలమంతా విద్యుత్ కేంద్రంగా మారిపోకుండా అది కాపలా కాస్తుంది.

మన దేశంలో కూడా ప్రయోగాలు జరిగాయి. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల ఏర్పాటులో పెసర, జీలకర్ర వంటి పంటలను పరీక్షించింది. ఫలకాలపై పడిన వాననీటిని కూడా ఒడిసిపట్టింది. ఢిల్లీలోనే నజఫ్‌గఢ్ సమీపాన ఉజ్వా కృషి విజ్ఞాన కేంద్రంలో ఫలకాల కింద సాగు చేసి చూపారు. 2019లో ఆరంభమైన పి.ఎం. కుసుమ్ పథకం, సాగుభూమిలో ఫలకాలను స్తంభాలపై ఎత్తుగా నిలిపి కింద పంట తీసే వీలు కల్పించింది. ఢిల్లీలో తేయాకు పండదు. దానికి ఆమ్లగుణం గల నేల, పుష్కలమైన వాన, తేమగాలి కావాలి. కనుక ఇక్కడి ప్రయోగం నుంచి తేయాకు తోట గ్రహించవలసినది నిర్మాణ పద్ధతిని, లెక్కను; పంటను కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చెట్టునీడ, ఫలకపు నీడ ఒకటి కావు. దిరిసెన జాతి చెట్టు నేలకు నత్రజనిని కూర్చుతుంది, ఆకు రాల్చి ఎరువు చేస్తుంది, పక్షికి గూడు ఇస్తుంది. ఫలకం వీటిలో ఏదీ చేయదు. వాన కురిసినప్పుడు దాని అంచు నుంచి ధారకట్టిన నీరు వాలునేలను కోసివేస్తుంది. కాలువలు తీయక తప్పదు. పైగా అస్సాంలో ఆకు విరివిగా వచ్చే వర్షాకాలంలోనే మబ్బులూ ఎక్కువ. ఆ నెలల్లో కర్మాగారం పూర్తిగా ఫలకాలపై ఆధారపడజాలదు. ఆకును వాడబెట్టే పంకాలకు, నలిపే యంత్రాలకు ఈ విద్యుత్తు పనికివస్తుంది గాని, ఆకును ఆరబెట్టడానికి కావలసిన అధికమైన వేడిని దీనితో సమకూర్చడం తేలిక కాదు. కాబట్టి ఎదిగిన చెట్టును నరికి ఫలకం నిలపడం అవివేకం. చెట్లు చచ్చి ఎండకు గురైన చోట, కొత్త మొక్కలు నాటి నీడచెట్లు ఎదిగేదాకా వేచి ఉండవలసిన చోట, ముందుగా చిన్న మడిలో పరీక్షించడం వివేకం.

పూసా ప్రాంతమే మరొక పాఠం కూడా చెబుతుంది. 1950లలో జాతీయ భౌతిక ప్రయోగశాల ఒక సౌర కుక్కర్‌ను తయారుచేసింది. శాస్త్రరీత్యా అది సరైనదే. ఎండతో అన్నం ఉడికింది. కాని అది ఇళ్లలో నిలదొక్కుకోలేదు. అటువంటి కుక్కర్‌ను సూర్యుడి వెంట తిప్పుతూ ఉండాలి. ఇల్లాలు ఎండలో నిలబడాలి. రాత్రి వంటకు అది అక్కరకు రాదు. వెలుగును లెక్కించినంత శ్రద్ధగా వంటింటి వేళలను లెక్కించని సాధనం ఏదైనా మూలపడక తప్పదు.

తేయాకు తోటలో ఆ వంటింటి స్థానంలో ఉన్నది ఆకుకోసే స్త్రీ. అస్సాం కంపెనీ 1839లో ఏర్పడింది. అనంతర కాలంలో తోటలు విస్తరించినకొద్దీ ముండా, సంతాలు, ఒరాను కుటుంబాలతో పాటు నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగు కుటుంబాలు కూడా బ్రహ్మపుత్ర లోయకు వలసవెళ్లాయి. వారి వారసులు నేటికీ అక్కడ ఉన్నారు. ఈ పేటలో మీరు పంచుకొనే టీ వెనుక అన్ని భాషల చెమట ఉన్నది. ఫలకాల స్తంభాలు ఆమె నడిచే దారికి అడ్డురాకూడదు. ఆకు తగ్గినందున ఆమె కూలి తగ్గకూడదు. తోటపైన పుట్టిన విద్యుత్తు కర్మాగారానికి వెళ్లే దారిలో ఆమె ఇంటిని దాటిపోకూడదు.

మిత్రులారా, మీలో కొందరు రేపు జిల్లాలకు అధికారులై వెళతారు. ఇటువంటి ప్రతిపాదన ఏదో ఒకనాడు మీ బల్లమీదికి వస్తుంది. అప్పుడు ఎన్ని మెగావాట్లు అని మాత్రమే అడిగి సంతకం చేయకండి. కింద పంట ఎంత మిగిలింది? ఏ చెట్టు పోయింది? వచ్చిన ఆదాయంలో రైతుకూ, కూలికీ ఎంత చేరింది? ఈ మూడు ప్రశ్నలు వేయండి. సూర్యుడు అందరి పొలాల మీదా సమానంగానే కాస్తాడు. నీడను న్యాయంగా పంచవలసినది మాత్రం మనుషులే.