సంఘం లెక్కలు, వైఫై తాళాలు
పాల సంఘాల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం



నా ఉద్యోగం లెక్కలు తనిఖీ చేయడం. పూర్వం సంఘానికి వస్తే పాల సేకరణ రిజిష్టరు, నగదు పుస్తకం, ఇనుప పెట్టె తాళం చూసేవాడిని. ఇప్పుడు చాలా సంఘాలలో తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రం నుండి నేరుగా కంప్యూటరులోకి పోతున్నవి. సభ్యుల బ్యాంకు ఖాతా నెంబర్లు, పాల బిల్లులు కూడ అందులోనే వున్నవి.

కంప్యూటరులో దొంగకు ఏం దొరుకుతుందని కొందరు అడుగుతున్నారు. బిల్లు జాబితాలో పదిమంది ఖాతా నెంబర్లు మార్చితే చాలు. మొత్తం సరిపోతుంది, కూడికలో తేడా రాదు, పాలుపోసినవారికి మాత్రం డబ్బు చేరదు. దాణా బాకీ, పిల్లల ఫీజు ఆ బిల్లు మీదనే పెట్టుకొన్న ఇంటికి పది రోజుల ఆలస్యం ఎంతటిదో మీకు నేను చెప్పనక్కరలేదు.

ముందు వైఫై సంగతి. దాని తరంగాలు గోడ దగ్గర ఆగవు, వీధి అరుగు మీద కూర్చున్నవానికీ అందుతాయి. రౌటరుకు రెండు తాళాలు వుంటాయి. ఒకటి అందరికీ తెలిసిన వైఫై పాస్‌వర్డు. రెండవది రౌటరు అమరికలు మార్చే పాస్‌వర్డు. చాలా రౌటర్లకు అది ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్’ అనే మాటే, ఊరందరికీ తెలిసినదే. బిగించిన రోజే దానిని మార్చవలెను. భద్రతా పద్ధతి డబ్ల్యు.పి.ఎ.2 గాని, 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 గాని వుండవలెను. డబ్ల్యు.ఇ.పి. అనే పాత పద్ధతి నిమిషాలలో విడిపోతుంది. ఒక సంఘంలో ధరల పట్టిక పక్కనే పాస్‌వర్డు సుద్దముక్కతో వ్రాసి వుంచారు, కుర్రవాళ్ళు క్రికెట్ చూసుకోవడానికట! కుర్రవాళ్ళ సరదాకు నేను అడ్డు రాను. అతిథుల కోసం వేరే వైఫై పెట్టే వీలు చాలా రౌటర్లలో వున్నది, అది యివ్వండి. బిల్లుల కంప్యూటరును దానికి కలపకండి.

ఇక వి.పి.ఎన్. మన పాలు టాంకరులో అందరూ తిరిగే రోడ్డు మీదనే పోతాయి. మూతకు సీలు వుంటుంది కనుక దారిలో ఎవరూ తీయలేరు. వి.పి.ఎన్. ఆ సీలు వంటిది. సంఘం నుండి యూనియన్‌కు పోయే లెక్కను రహస్య లిపిలోకి మార్చి, అవతలివైపు మాత్రమే విప్పుతుంది. అయితే నీళ్ళు కలిపిన పాలకు సీలువేస్తే అవి చిక్కబడవు. వైరస్ పట్టిన కంప్యూటరుకు వి.పి.ఎన్. పెట్టినా అంతే. వి.పి.ఎన్. కొంటే ఇక ఏ చింతా లేదని చెప్పే అమ్మకందారు మాట నమ్మకండి.

అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీ తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు పంపుతుంది. 2021 ఏప్రిల్ నెలాఖరులో దొంగలు వాడుకలో లేని ఒక పాత వి.పి.ఎన్. ఖాతా ద్వారా లోపలికి చొరబడినారు. పాస్‌వర్డు ఎక్కడో బయటపడి వున్నది. ఫోనుకు వచ్చే రెండవ సంకేతం అడిగే ఏర్పాటు ఆ ఖాతాకు లేదు. సుమారు అయిదు రోజులు పైపులైను ఆగింది, కంపెనీ 44 లక్షల డాలర్లు యిచ్చుకొన్నది. కొంత సొమ్మును అక్కడి ప్రభుత్వం తరువాత రాబట్టింది. కనుక కార్యదర్శి గాని, ఆపరేటరు గాని మారిన రోజే వారి ఖాతా మూయించండి. చార్జి అప్పగింత పట్టికలో తాళంచెవులతోపాటు పాస్‌వర్డు మార్పు కూడ వ్రాయించండి. సాఫ్ట్‌వేరు మరమ్మతుకు దూరం నుండి వచ్చే మనిషికి తెరిచిన దారిని పని కాగానే మూయించండి.

ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు వున్నవి. 2017 మే 12న బయలుదేరిన వాన్నక్రై మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటిని కూడ పట్టింది. దానికి విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే యిచ్చింది. వేసుకోనివారే చిక్కుకొన్నారు. విండోస్ 10కు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి, మీ కంప్యూటరులో ఏది వున్నదో చూసుకోండి. 2021 అక్టోబరులో విస్కాన్సిన్‌లోని ష్రైబర్ ఫుడ్స్ అనే పాల పదార్థాల కంపెనీ ఇటువంటి దాడికి గురై కొన్ని రోజులు పని ఆపవలసి వచ్చింది. అక్కడి రైతుల పాల లారీలను వేరేచోట్లకు మళ్ళించారు. ఆవులు పాలివ్వడం ఆపవు గదా.

బిల్లు వేసిన ప్రతిసారీ ఒక నకలు విడి డిస్కులోకి తీసి, డిస్కు ఊడదీసి బీరువాలో పెట్టండి. కంప్యూటరుకే తగిలించి వుంచితే వైరస్ దానినీ పట్టుతుంది. ఆరు నెలలకొకసారి ఆ నకలును తెరిచి చూడండి. బ్యాంకుకు పంపే జాబితాలో ఖాతా నెంబరు మారితే, ఆ సభ్యునితో మాట్లాడి, పాలకవర్గ సభ్యులు ఒకరు సంతకం చేసిన తరువాతనే పంపండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు, యూనియన్‌కు కూడ తెలపండి. సమావేశం పెట్టి తీర్మానం చేసేదాకా ఆగవద్దు.

వచ్చే తనిఖీలో నగదు పుస్తకంతోపాటు నకళ్ళు తీసిన తేదీల పుస్తకం కూడ అడుగుతాను. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.